ఆ రెండు వేళ్లు ఎప్పటి నుంచి వంగి ఉన్నాయి?

ఈసారి ఉత్తరం నాలుగు పేజీలు. రాసింది ఒక టీచరుగారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు కాబట్టి ఆ రెండూ వదిలేసి, మిగతాది కుదించి చెబుతాను.

ఆమె వయసు 46. ఇంట్లో భర్త, కాలేజీలో చదువుతున్న 20 ఏళ్ల కొడుకు, 74 ఏళ్ల అత్తగారు. ఆరేడు నెలల కిందట అబ్బాయి మోచేతి కింద రూపాయి బిళ్లంత మచ్చ కనిపించింది. చుట్టుపక్కల చర్మం కంటే కాస్త పాలిపోయి ఉంది. దురద లేదు, నొప్పి లేదు. తామర అనుకుని, మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్లు ఒకటి తర్వాత ఒకటి మూడు వాడారు. నాలుగు నెలలు గడిచినా తగ్గకపోతే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన అబ్బాయిని కళ్లు మూసుకోమని, దూదిని సన్నటి పోగులా చేసి చేతి మీద అక్కడక్కడా తాకిస్తూ, తాకిన చోటల్లా వేలు పెట్టి చూపించమన్నారట. మచ్చ చుట్టూ తాకించినప్పుడల్లా అబ్బాయి టక్కున చూపించాడు. మచ్చ మీద తాకించినప్పుడు మాత్రం అలాగే కళ్లు మూసుకుని కూర్చుని, "ఆపేశారా సార్?" అన్నాడు.

కుష్టు, తొలి దశ, ఆరు నెలలు మందులు, పూర్తిగా నయమవుతుంది. డాక్టరు చెప్పింది ఇంతే. మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చారు. ఆ ప్యాకెట్టు ఇప్పుడు బీరువాలో చీరల మడతల కింద ఉంటుంది. అబ్బాయి గది తలుపు గడియ పెట్టుకుని మాత్రలు మింగుతున్నాడు. మొదటి డోసు వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వచ్చేసరికి ఇంట్లో అందరూ హడలిపోయారు. (అది రిఫాంపిసిన్ మాత్ర రంగు. నెలకోసారి వస్తుంది, పోతుంది.)

అసలు గొడవ అత్తగారికి విషయం తెలిశాక మొదలైంది. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడుస్తున్న పనిమనిషికి ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి వంగి ఉంటాయి. వాటి మీద పాత కాలిన మచ్చలు. ఒకసారి పొయ్యి మీది మూకుడు ఉత్త చేత్తో దించింది. బొబ్బ లేచిందని టీచరుగారు చూసి చెప్పేదాకా ఆమెకు తెలియదు. ఆ రోజు టీచరుగారే ఆయింట్‌మెంట్ రాశారు. ఇప్పుడు అదంతా గుర్తొచ్చి, "దానివల్లే వచ్చింది, ఇక గుమ్మం తొక్కనివ్వద్దు" అని అత్తగారు. "రెండు నెలల జీతం చేతిలో పెట్టి ఏదో ఒకటి చెప్పి మాన్పించెయ్" అని భర్త. ఏదీ తేల్చుకోలేక టీచరుగారు "ఊరెళ్తున్నాం, నేను ఫోన్ చేసేదాకా రావద్దు" అని ఆమెతో అబద్ధం ఆడారు. మూడు వారాలైంది. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. ఈవిడ ఎత్తలేదు.

ఉత్తరం చివర ఇలా ఉంది: "మేం శుభ్రంగా ఉండేవాళ్లం. ఇది పేదవాళ్ల జబ్బని, వెనకబడిన ప్రాంతాల్లోనే ఉంటుందని ఎక్కడ చూసినా రాసి ఉంది. మరి మా ఇంటికి ఎలా వచ్చింది? ఆమె నుంచే వచ్చిందా? ఆమెను మాన్పిస్తే పాపం చేసినట్టా, మాన్పించకపోతే నా కొడుక్కి ద్రోహం చేసినట్టా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు."

టీచరుగారూ,

అబ్బాయి సంగతి తేలిక కాబట్టి అది ముందు. మందులు మొదలైన కొద్ది రోజుల్లోనే రోగి నుంచి ఇంకొకరికి అంటుకునే భయం పోతుంది. అబ్బాయిది తొలి దశ గనుక ఆ భయం మొదటి నుంచీ తక్కువే. విడి కంచం, విడి పక్క, విడి తువ్వాలు ఏవీ అక్కర్లేదు. కోర్సు పూర్తిగా వాడితే తిరగబెట్టడం చాలా అరుదు. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. మందులు వాడుతుండగా గానీ, అయిపోయాక గానీ మచ్చ ఉబ్బి ఎర్రబడినా, మోచేతి దగ్గర నరం నొప్పి పెట్టినా, చేతి పట్టు తగ్గినా, కళ్లు ఎర్రబడినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. దాన్ని రియాక్షన్ అంటారు. మందు పడలేదనుకుని చాలామంది మాత్రలు ఆపేస్తారు. అలా సొంతంగా ఆపకూడదు. మందుల గురించి ఇంతకంటే చెప్పాల్సింది డాక్టరే, నేను కాదు.

ఇక, ఆమె నుంచే వచ్చిందా?

తెలియదు. నాకే కాదు, మీ డాక్టరుకూ తెలియదు, తెలుసుకునే దారీ లేదు. మామూలు సూక్ష్మజీవులు అరగంటలోపే ఒకటి రెండవుతాయి. కుష్టు సూక్ష్మజీవికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అంత నింపాది జీవి గనుకే ఒంట్లో చేరాక మచ్చగా బయటపడటానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. అంటే మీ అబ్బాయికి ఇది పదిహేనో ఏట అంటి ఉండొచ్చు, ఉయ్యాలలో ఉన్నప్పుడూ అంటి ఉండొచ్చు. ఒకటో తరగతి నుంచి అతని పక్క బెంచీలో ఎవరెవరు కూర్చున్నారో మీకు గుర్తుందా? స్కూలు ఆటోలో? ట్యూషన్‌లో? చికిత్స తీసుకోని మనిషి ముక్కు, నోటి తుంపరల ద్వారా, చాలాకాలం దగ్గరగా మసిలితే అంటుకునే జబ్బు ఇది. తోమిన గిన్నెల ద్వారా రాదు. అలా దగ్గరగా మసిలినవాళ్లలో కూడా చాలా ఎక్కువమందికి పుట్టుకతోనే దీన్ని తట్టుకునే శక్తి ఉంటుంది.

ఇంకో మాట. వంగిన వేళ్లు నరం దెబ్బతిన్నదని చెబుతాయి, ఒంట్లో ఇప్పుడు సూక్ష్మజీవి ఉందని చెప్పవు. ఆమెకు ఎప్పుడో జబ్బు వచ్చి, మందులు వాడి, నయమై, వేళ్లు మాత్రం అలా మిగిలిపోయి ఉండొచ్చు. అసలు కుష్టే కాకపోవచ్చు. షుగర్ వల్లా, మోచేతి దెబ్బ వల్లా కూడా నరాలు పాడవుతాయి. మీ ఇంట్లో తీర్పు ఇచ్చేశారు గానీ, ఆ చేతిని ఇంతవరకూ ఏ డాక్టరైనా చూశాడో లేదో మీకు తెలియదు.

అలాగని ఆమె నుంచి వచ్చి ఉండే అవకాశమే లేదని చెప్పి మిమ్మల్ని ఊరడించను. ఉంది. ఉంటే ఏం చేయాలో తర్వాత మాట్లాడుకుందాం.

మీ అసలు ప్రశ్న, పేదవాళ్ల జబ్బు మా ఇంటికి ఎలా వచ్చిందన్నది. చదవగానే నాకు మనసు చివుక్కుమంది, దాచుకోను. కానీ మీరు పైకి అన్నారు, చాలామంది లోపల అనుకుంటారు, అంతే తేడా. పైగా మీరు చదివింది అబద్ధమేమీ కాదు. 2023లో ప్రపంచమంతటా కొత్తగా బయటపడిన కేసులు 1,82,815. అందులో భారత్, బ్రెజిల్, ఇండోనేషియా మూడు దేశాలవే దాదాపు ఐదింట నాలుగు వంతులు. మన దేశానివే లక్ష దాటాయి. దేశం లోపల చూస్తే ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, ఒడిశా, బిహార్, మహారాష్ట్ర తూర్పు కొసన ఉన్న జిల్లాలు. అడవి, గని, వలస కూలి ఉన్న వైపే పటం మీద కేసుల చుక్కలు దట్టంగా కనిపిస్తాయి.

అయితే ఆ పటం ఎప్పుడూ ఇలా లేదు. 19వ శతాబ్దం మధ్యలో ఈ జబ్బుకు పేరుమోసిన దేశం నార్వే. అవును, ఇవాళ సంపన్న దేశాల జాబితా తీస్తే ముందు వరసలో ఉండే నార్వేనే. 1850ల్లో అక్కడ దాదాపు 3 వేల మంది రోగులు ఉండేవారు. చాలావరకు పశ్చిమ తీరంలో ఇరుకిళ్లలో బతికే బీద రైతులు, జాలర్లు. 1873లో ఈ సూక్ష్మజీవిని మొదట గుర్తించిన హాన్సెన్ అక్కడి బెర్గెన్ నగరంలో డాక్టరు. అప్పటిదాకా ఇది వంశపారంపర్యమని పెద్ద పెద్ద వైద్యులే నమ్మేవారు. అలా నమ్మిన డేనియల్సెన్ స్వయానా హాన్సెన్‌కు మామగారు! 1888లో హాన్సెన్ అమెరికా వెళ్లి, నార్వే నుంచి అక్కడికి వలసపోయిన రోగుల కుటుంబాలను వెతికి చూశాడు. వాళ్లకు అక్కడ పుట్టిన సంతానంలో ఒక్కరిలోనూ జబ్బు కనిపించలేదు. అదే రక్తం. మారింది ఇల్లు, తిండి, బతుకు తీరు.

నార్వేలో సరైన మందు రాకముందే జబ్బు తగ్గిపోయింది. రోగులను విడిగా పెట్టడం వల్ల తగ్గిందని హాన్సెన్ వాదన. ఇళ్లు, తిండి మెరుగుపడి తగ్గిందని ఇంకొందరి వాదన. నా మొగ్గు రెండో దానివైపే. రోగులను వెలివేసిన దేశాలు చాలా ఉన్నాయి, అన్నిచోట్లా జబ్బు పోలేదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. ఇదే హాన్సెన్ 1879లో ఆస్పత్రిలో ఉన్న ఒక స్త్రీ కంట్లో, ఆమెను అడగకుండా, వేరే రోగి నుంచి తీసిన పదార్థాన్ని గుచ్చి ప్రయోగం చేశాడు. కోర్టు ఆయన్ని ఆస్పత్రి పదవి నుంచి తప్పించింది. అంత తెలివైన మనిషికి, ఎదురుగా ఉన్న బీదరాలిని ఒక్క మాట అడగాలని తోచలేదు. ఇది ఎందుకు చెప్పానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

బ్రెజిల్ సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. దక్షిణాన రియో గ్రాండె దో సుల్ రాష్ట్రంలో ఈ జబ్బు చాలా తక్కువ. ఉత్తరాన, మధ్య పడమటి ప్రాంతంలో దట్టంగా ఉంది. అందులో మాతో గ్రోసో అనే రాష్ట్రం బీదది కాదు. సోయా సాగు, పశువులతో బాగా సంపాదించే రాష్ట్రం. అయినా కుష్టు లెక్కల్లో ముందుంటుంది. పేదరికం ఒక్కటే కారణమైతే అక్కడ ఉండకూడదు కదా? డబ్బుంది, కొందరి దగ్గరే ఉంది. అడవి కొట్టి పొలాలు చేసే చోటికి కూలి కోసం దూరాల నుంచి జనం వచ్చారు, దొరికిన చోట గుంపులుగా తలదాచుకున్నారు. ఆస్పత్రులు వాళ్లంత త్వరగా రాలేదు.

ఆ దేశంలోనే కోట్ల మంది రికార్డులు కలిపి చూసిన పెద్ద అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. పేదల్లో కూడా చదువు బొత్తిగా లేనివాళ్లకు, ఆదాయం మరీ తక్కువున్నవాళ్లకు, నల్లజాతివాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది. అక్కడ బోల్సా ఫమీలియా అని పేద కుటుంబాలకు నెలనెలా డబ్బిచ్చే ప్రభుత్వ పథకం ఉంది. ఆ డబ్బు అందిన ఇళ్లలో కోర్సు పూర్తి చేసేవాళ్లు పెరిగారు. జబ్బు బాగా ఉన్న ప్రాంతాల్లో కొత్త కేసులూ తగ్గాయి. డబ్బేమీ మందు కాదు కదా అంటారా? రోజు కూలి పోయినా పొయ్యి వెలుగుతుందన్న ధీమా ఉంటే మనిషి ఆస్పత్రి వరకూ వెళ్తాడు. బంగ్లాదేశ్ వాయవ్య ప్రాంతంలో రోగులనూ, జబ్బు లేనివాళ్లనూ పోల్చి చూసినప్పుడు, గడిచిన ఏడాదిలో తిండికి కటకటలాడిన రోజులున్నాయా లేదా అన్న దగ్గరే స్పష్టమైన తేడా కనిపించింది. చాలీచాలని తిండితో ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గుతుంది.

మన దేశం 2005 డిసెంబరు నాటికి కుష్టు 'నిర్మూలన' సాధించినట్టు ప్రకటించింది. దాని అర్థం, చికిత్సలో ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద సగటున పదివేల మందికి ఒకరి కంటే తక్కువ అని. సగటు సంగతి టీచర్లకు నేను చెప్పాలా? క్లాసు సగటు 70 వచ్చినంత మాత్రాన వెనక బెంచీలో సున్నా వచ్చినవాడు పాసైపోడు. ఆ ప్రకటన తర్వాత ఇంటింటికీ తిరిగి వెతకడం తగ్గింది. 2016లో మళ్లీ ఇంటింటి సర్వే పెడితే వేలకు వేల కేసులు బయటపడ్డాయి. వాళ్లు ఆ ఏడాది పుట్టుకొచ్చినవాళ్లు కారు. ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు, ఎవరూ చూడలేదు.

ఇప్పుడు ఆ పటాన్ని మీ ఇంటిదాకా తీసుకురండి. మోచేయి గుమ్మానికి తగిలితే కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమంటుందే, అక్కడ చర్మం కిందే ఒక నరం ఉంటుంది. అది దెబ్బతింటే ముందు చిటికెన వేలూ ఉంగరపు వేలూ మొద్దుబారతాయి, తర్వాత మెల్లగా వంగుతాయి. రాత్రికి రాత్రి జరిగేది కాదు, నెలలు, ఏళ్లు పడుతుంది. మీ అబ్బాయి మచ్చకు నాలుగు నెలల్లో పేరు దొరికింది, ఆ నాలుగు నెలలు వృథా అయ్యాయని ఉత్తరంలో రెండుసార్లు బాధపడ్డారు. ఆమె వేళ్లు ఎప్పటి నుంచి వంగి ఉన్నాయి? మీ ఇంట్లో పనిలో చేరేటప్పటికే వంగి ఉన్నాయా, చేరాక వంగాయా? ఉత్తరంలో అత్తగారి మాటలున్నాయి, భర్త మాటలున్నాయి. ఈ ఒక్క విషయం లేదు. మీకు తెలియదనుకుంటాను.

బొబ్బ లేచిన రోజు మీరు ఆయింట్‌మెంట్ రాశారు. మంచి మనసు ఉండబట్టే రాశారు. కానీ అలా కాలినా తెలియని చేయి మీ అబ్బాయిదైతే ఆ సాయంత్రానికే డాక్టరు ముందు ఉండేవారు. ఇది మీ ఒక్కరి తప్పని అనడం లేదు. ఆమె పని చేసే మిగతా ఇళ్లవాళ్లూ ఆ చేతిని చూశారు. ఆమె కూడా చూసుకుంది. కానీ ప్రభుత్వ ఆస్పత్రి ఓపీ నడిచేది పొద్దున, మీ ఇంట్లో అంట్లు ఉండేదీ పొద్దునే. మానేస్తే కోత. నొప్పి ఉంటే మానేదేమో. ఈ జబ్బు మామూలుగా నొప్పి పెట్టదు, అదే దాని మాయ. మీ ఫ్లాటుకీ ఆమె గదికీ దూరం పది నిమిషాల నడక కావచ్చు. దేశపటం మీద రెండూ ఒకే చుక్క. ఆ ఒక్క చుక్కలోనే ఒక చేతికి దూదిపోగు పరీక్ష జరిగింది, ఇంకో చేతికి జరిగిందో లేదో కూడా మీకు తెలియదు.

కాబట్టి జబ్బు పేదపేట నుంచి మీ ఇంటికి ఎలా దూకింది అన్న లెక్కే సరికాదు. ఆమె మీ ఇంట్లో రోజుకు ఒకటి రెండు గంటలు, తొమ్మిదేళ్లుగా ఉంది. ఇద్దరూ పీల్చిన గాలి ఒకటే, దొరికిన డాక్టర్లు వేరు.

మరి ఏం చేయాలి? మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి, ఏదీ ఖర్చులేనిది కాదు.

మీవారు చెప్పినట్టు జీతం ఇచ్చి మాన్పించడం ఒకటి. ఇంట్లో గొడవ ఆ రోజుతో సద్దుమణుగుతుంది. ఆమె ఇంకో ఇంట్లో కుదురుతుంది, కారణం తెలియకుండానే. ఒకవేళ నిజంగా జబ్బుండి మందు లేకపోతే, అది ఆమెతోపాటే ఆ ఇంటికి వెళ్తుంది. మిగిలిన వేళ్లూ పోవచ్చు. ఇంకొకటి కూడా చూసుకోండి. ఇదంతా పక్క గదిలో ఉన్న మీ అబ్బాయి వింటున్నాడు. తనకున్న జబ్బే ఉందన్న అనుమానంతో ఒక మనిషిని ఇంట్లోంచి పంపేస్తే, అతనికి ఏం అర్థమవుతుంది? మాత్రలు ఇప్పటికే గడియ పెట్టుకుని మింగుతున్నాడు. హవాయిలో 1866 నుంచి రోగులను మొలొకాయ్ ద్వీపంలో ఒక మూలకు పంపేశారు. వందేళ్లకు పైగా, 1969 వరకు ఆ చట్టం నడిచింది. దాదాపు 8 వేల మంది వెళ్లారు, ఎక్కువమంది అక్కడి మూలవాసులు. పట్టుకెళ్తారన్న భయంతో జబ్బు దాచుకున్నవాళ్లూ ఉన్నారు. పంపేస్తారని తెలిస్తే ఎవరైనా దాచుకుంటారు.

ఏమీ అనకుండా మళ్లీ పనిలోకి రమ్మనడం ఇంకోటి. చూడటానికి మంచిగా ఉంటుంది, కానీ నాకు నచ్చదు. మీకు అనుమానం ఉండి, ఆ చేతికి చికిత్స ఉందని తెలిసీ ఊరుకోవడం అవుతుంది. పైగా అత్తగారి చూపులు ఆమెకు అర్థం కాకుండా పోవు.

మూడోది, ఆరోగ్య కేంద్రంవాళ్ల ద్వారా వెళ్లడం. ఒక కేసు బయటపడితే, దగ్గరగా మసిలినవాళ్లందరినీ పరీక్ష చేయడం పద్ధతి. మీ ముగ్గురూ చూపించుకున్నారా? ఉత్తరంలో లేదు. చూపించుకోండి, అత్తగారితో సహా. జబ్బు లేదని తేలినవాళ్లకు ముందుజాగ్రత్తగా రిఫాంపిసిన్ ఒక్క డోసు ఇస్తారు. తర్వాతి రెండేళ్లలో జబ్బు వచ్చే అవకాశాన్ని అది సగానికి పైగా తగ్గిస్తుందని తేలింది. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లు చూసుకుంటారు. ఆ జాబితాలో ఆమె పేరు కూడా ఇవ్వవచ్చు. కానీ ఆమెకు చెప్పకుండా ఇస్తే, ఒక పొద్దున ఆరోగ్య కార్యకర్త ఆమె గుమ్మం ముందు నిలబడి కుష్టు పరీక్ష అంటుంది. పక్కిళ్లవాళ్లు వింటారు. ఆమె మిగతా ఇళ్ల పనులూ ఆ వారంలోనే పోవచ్చు. మీ ఇంట్లో పేరు బయటికి రాకూడదని ప్యాకెట్టు చీరల కింద దాచుకున్నారు, ఆమె పరువుకీ అంతే విలువ ఉంది.

నాలుగోది, ఆమెనే అడగడం. నేనైతే ఇక్కడే మొదలుపెడతాను. ఇద్దరే ఉన్నప్పుడు, కూర్చోబెట్టి, చేతి గురించి అడగండి. ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఎవరికైనా చూపించావా, ఒంటి మీద స్పర్శ లేని మచ్చలేమైనా ఉన్నాయా అని. జబ్బు పేరు మీరు ఎత్తకండి, పేరు పెట్టాల్సింది డాక్టరు. "ఎప్పుడో మందులు వాడానమ్మా, తగ్గిపోయింది, చెబితే పనిలోంచి తీసేస్తారని చెప్పలేదు" అని ఆమె అంటే మీరు కంగారు పడకండి. కోర్సు పూర్తి చేసిన మనిషి నుంచి భయం లేదు. ఎవరికీ చూపించలేదంటే, ఓపీకి తోడు వెళ్లండి, లేదా వెళ్లిన రోజులకు జీతం కోయనని ముందే చెప్పండి. దెబ్బతిన్న నరం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఇంకా పాడవకుండా ఆపవచ్చు, కొన్నిసార్లు ఆపరేషన్‌తో వేళ్లు నిటారు చేస్తారు. వేడి గిన్నె దించేందుకు మందపాటి గుడ్డ పెట్టడం మాత్రం మీ వంటింట్లో రేపటి నుంచే చేయవచ్చు.

ఈ దారిలోనూ ఇబ్బంది ఉంది. ఆమెకు కోపం రావచ్చు, భయపడి పని మానేయవచ్చు, ఆస్పత్రికి రానని తెగేసి చెప్పవచ్చు. అది ఆమె ఇష్టం. అప్పుడు ఒక్కసారి ఆగి, కొన్నాళ్లకు మళ్లీ అడగాలి తప్ప బలవంతం కుదరదు. అబ్బాయి సంగతి ఆమెకు చెప్పాలా అంటారేమో. చెబితే మీరిద్దరూ ఒకే స్థాయిలో కూర్చుని మాట్లాడినట్టవుతుంది, ఆమె మీద నేరం మోపినట్టు ఉండదు. కానీ చెప్పే హక్కు మీది కాదు, అబ్బాయిది. అతన్ని అడగండి. 20 ఏళ్లవాడు, ఈ ఇంట్లో ఇంతవరకూ అతని అభిప్రాయం ఎవరూ అడిగినట్టు లేదు. అతను వద్దంటే, చేతి గురించి మాత్రమే మాట్లాడండి, అదీ చాలు.

అత్తగారిని మరీ దుర్మార్గురాలిగా చూడకండి. ఆవిడ చిన్నతనంలో డాప్సోన్ అనే ఒక్క మందుతో ఏళ్లకు ఏళ్లు చికిత్స నడిచేది. మూడు మందులు కలిపి ఇచ్చే ఇప్పటి చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది 1981లో. అప్పటికి ఆవిడకు దాదాపు ముప్ఫై ఏళ్లు. వేళ్లు లేని చేతులు ఊరి బయట కనిపించిన రోజులు ఆవిడ కళ్లతో చూసినవి, అందుకే ఇప్పటికీ పేరెత్తకుండా 'పెద్దరోగం' అంటుంది. ఆవిడకు ఉపన్యాసాలు వద్దు. పరీక్షకు మీతోపాటు తీసుకెళ్లండి, డాక్టరు నోట వింటే కొంత తగ్గుతుంది. పూర్తిగా తగ్గుతుందని హామీ ఇవ్వలేను. చట్టమే ఆవిడ కంటే నెమ్మదిగా కదిలింది. భార్యకో భర్తకో కుష్టు ఉంటే విడాకులు అడగవచ్చన్న నిబంధనను మన వివాహ చట్టాల్లోంచి తీసేసింది 2019లో. అంటే నయం చేసే మందు వచ్చాక మరో 38 ఏళ్లకు. అబ్బాయి పెళ్లి గురించి మీరు ఇప్పుడే పెట్టుకున్న టెన్షన్‌కు కూడా ఇదే నా జవాబు. ఆరు నెలల కోర్సు పూర్తయితే అతనికి జబ్బు లేదు.

ఇక ఆ ఫోన్. మూడోసారి కూడా ఆమె చేతే చేయించుకోకండి. ఊరెళ్లామన్నది అబద్ధమని ఆమెకు ఈపాటికి తెలిసే ఉంటుంది, అపార్ట్‌మెంట్లలో ఏదీ దాగదు. మళ్లీ కొత్త అబద్ధం అల్లకుండా, "ఇంట్లో ఒంట్లో బాగాలేక కంగారులో అలా అన్నాను" అనండి, అది నిజమే. ఈ మూడు వారాల జీతం కోయకండి, ఆమె మానలేదు, మీరు ఆపారు. మీరిద్దరే ఉండే సమయం చూసి రమ్మనండి. అత్తగారు గుడికో పార్కుకో వెళ్లే వేళ అయితే ఇంకా మేలు. వచ్చాక అంట్ల దగ్గరికి పంపకుండా, ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

ఈ జవాబు మీ కంట పడేలోపే మాట్లాడి ఉంటే, ఆ రెండు వేళ్ల గురించి ఆమె ఏం చెప్పిందో రాయండి.